ఆగిపోయిన గీతను అరవైలో అందుకోవడం ఎలా

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఒడిశా సరిహద్దు ఊళ్ల తెలుగు ఇళ్లలో, చిన్నప్పుడు బొమ్మలు చక్కగా వేసి ఆ తరువాత పూర్తిగా మానేసినవారు నాకు చాలామంది తెలుసు. ఒకరికి పదో తరగతి పరీక్షలు అడ్డు వచ్చాయి, ఒకరికి పెళ్లి, ఇంకొకరికి బదిలీల ఉద్యోగం. నాకు అడ్డు వచ్చింది ఒక మాట. "గీతలు కూడు పెట్టవు" అని ఒక పెద్దమనిషి పదిమంది ముందు అన్న రోజున నేను డ్రాయింగు పుస్తకాన్ని అటక మీద పెట్టాను; మళ్లీ పెన్సిలు పట్టుకునే నాటికి నాకు 59 ఏళ్లు వచ్చాయి. ఆ తరువాత నేను చేసిన పొరపాట్లను, నాతో పాటు మొదలుపెట్టిన స్నేహితులకు ఎదురైన ఇబ్బందులను, చివరకు పనికివచ్చిన పద్ధతులను ఒక వరసలో పెట్టి చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. మీ వయసు 50 దాటి, ఎప్పుడో వదిలేసిన బొమ్మల పని మీదకు మళ్లీ మనసు పోతున్నట్టయితే, ఈ వరసలోనే చేసి చూడండి.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మీరు వదిలేసిన చోటనే మీ చేయి ఆగి ఉంటుంది గాని మీ కన్ను అక్కడ ఆగి ఉండదు. ఈ నలభై ఏళ్లలో మీరు ఎన్నో గుళ్లు, చీరల అంచులు, మనుషుల ముఖాలు చూశారు. ఏది కుదిరిందో ఏది కుదరలేదో చూడగానే చెప్పగలిగే స్థితికి వచ్చారు. అందువల్ల మొదటి రోజు బొమ్మను పదిహేనేళ్ల చేయి వేస్తుంది, దాని మీద అరవై ఏళ్ల కన్ను తీర్పు చెబుతుంది. మళ్లీ మొదలుపెట్టినవారు వారం తిరగకుండానే మానేయడానికి నాకు కనిపించిన ప్రధాన కారణం ఇదే. వాళ్లు తమకు చేతకాదని అనుకుంటారు. నిజానికి వాళ్ల చూపు పెరిగింది, చేతికి మాత్రం ఆ మేరకు పని దొరకలేదు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ చేతికి తీరిగ్గా పని కల్పించడానికే ఉద్దేశించినది.

మీ చేతికి ఏది అలవాటో గుర్తు తెచ్చుకోండి

కొట్టుకు వెళ్లి రంగులు కొనే ముందు ఒక కాగితం తీసుకుని, చిన్నతనంలో మీ చేయి దేని మీద ఎక్కువసేపు నిలిచేదో రాయండి. క్యాలెండరులోని దేవుడి బొమ్మను గళ్లు గీసి పెద్దది చేసేవారా? పుస్తకాల అట్టల మీద అక్షరాలు తీర్చేవారా? మట్టితో వినాయకుణ్ణి చేసేవారా? సమాధానం ఏదైనా దాన్ని చిన్నచూపు చూడకండి. ఎందుకంటే చాలామంది తమకు అలవాటైన పనిని పక్కన పెట్టి, కళ అంటే కాన్వాసు మీద నూనెరంగులే అనే భ్రమతో, ఎన్నడూ చేయని పనిని ఎత్తుకుంటారు.

స్త్రీల విషయంలో నేను ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. "నాకు బొమ్మలు రావండీ" అని చెప్పే ఇల్లాలే ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు పెట్టి, ఒక్క చుక్క వదలకుండా మెలికలు తిప్పి, మొదలుపెట్టిన చోటుకే పిండిని తెచ్చి కలుపుతుంది. ఆ పనిలో కొలత ఉంది, సమతూకం ఉంది, వేళ్ల మధ్య నుంచి జారే పిండి మీద అదుపు ఉంది. బొమ్మలు నేర్పే బడిలో మొదటి ఏడాది నేర్పేది దాదాపు ఇంతే. మన ప్రాంతంలో ఇంకో విశేషం కూడా ఉంది. మార్గశిర మాసంలో మనం లక్ష్మివారం పూజ చేసుకునే రోజునే, పక్కింటి ఒడియా వారు మాణబసా గురువారం అని జరుపుకుంటూ, తడి బియ్యప్పిండితో గోడల మీదా నేల మీదా ఝోటి వేస్తారు. గడప నుంచి పూజగది వరకు లక్ష్మీపాదాలు, వరికంకులు తీరుస్తారు. మనది పొడిపిండి, వాళ్లది తడిపిండి. మనది చుక్కను ఆధారం చేసుకుని నడిచే గీత, వాళ్లది చుక్కల కొలత లేకుండా వేలితో నేరుగా వేసే గీత. ఈ రెండూ చూస్తూ పెరిగిన చేయి ఏనాడూ పూర్తిగా ఆగిపోలేదు. మీరు ముగ్గు వేసే మనిషి అయితే కాగితం మీద మీ మొదటి పని ముగ్గే కావాలి. సాధారణ కాగితం మీద ముదురు పెన్సిలుతో ఒక మెలిక ముగ్గును చుక్కల సాయంతో ఒకసారి, చుక్కలు పెట్టకుండా రెండోసారి వేయండి. రెండోది వంకరగా వస్తుంది. ఆ వంకరను దాచకుండా తేదీ వేసి ఉంచుకోండి.

కన్ను, వెలుతురు, కూర్చునే తీరు

చత్వారం వచ్చిన కంటికి బొమ్మల పనిలో ఒక చిక్కు ఉంది. చదువుకునే అద్దాలను సాధారణంగా పుస్తకం పట్టుకునే దూరానికి సరిపడేట్టు ఇస్తారు. కాని బల్ల మీద వాలుగా పెట్టిన పలకకూ మీ కంటికీ మధ్య దూరం దానికంటే ఎక్కువ ఉంటుంది. అందువల్ల ముందుకు వంగి గీస్తారు, అరగంటకే మెడ పట్టేస్తుంది, తప్పంతా వయసు మీద పడుతుంది. మీరు కూర్చుని గీసే భంగిమలో కంటి నుంచి కాగితం వరకు టేపుతో కొలిపించి, ఆ అంకెను రాసుకుని కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, ఆ దూరానికి అద్దాలు కావాలని అడగండి. నేను మొదట ఈ పని చేయక మూడు నెలలు మెడనొప్పితో గడిపాను.

శుక్లాలు ముదురుతున్న కంటికి లోకమంతా పసుపుపచ్చని పొర వెనక నుంచి కనిపిస్తుంది, నీలం మసకబారుతుంది. ఫ్రాన్సు చిత్రకారుడు క్లోద్ మొనేకు ఇదే జరిగింది. 1923 లో ఆపరేషను జరిగేదాకా ఆయన చిత్రాల్లో ఎరుపు, గోధుమ రంగులు ఎక్కువయ్యాయి. కాబట్టి రంగుల పని మొదలుపెట్టే ముందు ఒకసారి కళ్లు చూపించుకోవడం మంచిది. చేయి కొత్తగా వణుకుతున్నట్టయితే దాన్నీ డాక్టరుకు చూపించాలి. పాత వణుకే అయితే బొమ్మను పెద్దది చేయండి, మణికట్టుతో కాకుండా మోచేయి, భుజం కదిలిస్తూ గీయండి. దుకాణాల బోర్డులు రాసే ఆర్టిస్టులు ఎడమచేత్తో ఒక కర్రను గోడకు ఆనించి, దాని మీద కుడిచేతిని ఉంచి అక్షరం తిప్పడం మీరు చూసే ఉంటారు. వాళ్ల కర్ర మనకూ పనికివస్తుంది.

కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, లేకపోతే చేతి నీడ గీత మీదే పడుతుంది. రోజుకు 20 నిమిషాలు చాలు. ఉదయం కాఫీ తరువాత, ఎండ ఎక్కకముందు, రోజూ ఒకే చోట కూర్చోండి; వారానికి ఒక రోజు మూడు గంటలు కూర్చోవడం కంటే ఇదే మేలని నా అనుభవం.

సామాను విషయం

ఇక్కడ ఎక్కువ చెప్పవలసిన పని లేదు. హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్లు మూడు, ఒక కట్టరు, కార్ట్రిజ్ కాగితం పుస్తకం ఒకటి, కాగితాన్ని బిగించే క్లిప్పు ఉన్న అట్ట ఒకటి. ఇవి స్కూలు సామాను అమ్మే ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. నూనెరంగుల పెట్టె కొనకండి, ఎవరైనా కానుకగా ఇచ్చినా తీసి పక్కన పెట్టండి. రబ్బరు కూడా మొదటి నెల వద్దు.

రబ్బరు ఎందుకు వద్దంటున్నానంటే, అది కంటి తీర్పుకు ఆయుధం అవుతుంది. చేయి ఒక గీత గీయగానే కన్ను దాన్ని చెరిపిస్తుంది, రోజు చివరకు కాగితం మీద మిగిలేది మరక మాత్రమే. గీత తప్పితే దాని పక్కనే ఇంకో గీత గీయండి. రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రకళ మొదలైనదే ఇలాంటి చోట: రాతప్రతుల్లో తాను కొట్టివేసిన పదాలను ఒకదానితో ఒకటి గీతలతో కలుపుతూ పోతే అవి పక్షులుగా, ముఖాలుగా మారాయి. 1930 లో పారిస్‌లో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన జరిగే నాటికి వయసు డెబ్బైకి దగ్గరపడింది, ఆ తరువాత కూడా వేస్తూనే ఉన్నాడు, ఆయన వేసిన చిత్రాల సంఖ్య రెండు వేలు దాటింది. చెరపడం మీద కాక కొట్టివేతను ఆకారంగా మార్చడం మీద ఆయన దృష్టి పెట్టాడని గుర్తుంచుకుంటే రబ్బరు లేని లోటు మీకు తెలియదు.

మొదటి మండలం

నలభై రోజులను మనం మండలం అంటాం. మొదటి మండలమంతా పెన్సిలు తప్ప మరేదీ ముట్టకండి.

మొదటి వారం వట్టి గీతలే గీయండి. కాగితం ఒక కొస నుంచి ఇంకో కొస వరకు నిలువు గీతలు, అడ్డ గీతలు, ఏటవాలు గీతలు, ఆ తరువాత వలయాలు. పెన్సిలును రాసేటప్పుడు పట్టుకున్నట్టు మొన దగ్గర కాకుండా కొంచెం వెనక్కి పట్టుకోండి. గీత మొదలయ్యే చోటు చూడకుండా, అది చేరవలసిన చోటు చూస్తూ గీయండి. సైకిలు తొక్కేవాడు చక్రాన్ని కాకుండా దారిని చూసినట్టే ఇదీ.

రెండో వారం ఇంట్లో వస్తువులకు రండి. ఇత్తడి చెంబు, ఆవకాయ జాడీ, మడిచిన గొడుగు, చెప్పుల జత, ఏదైనా సరే. చెంబు దగ్గర దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. మూతి గుండ్రమని మనకు తెలుసు కనుక గుండ్రంగా వేస్తాం. కాని కూర్చున్న చోటు నుంచి చూస్తే అది గుండ్రంగా కనిపించదు, పొడవాటి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. మూతి కంటికి దగ్గరి ఎత్తులో ఉన్న కొద్దీ ఆ ఆకారం సన్నబడుతుంది, అడుగు కంటికి బాగా కింద ఉంటుంది కనుక దాని వంపు ఎక్కువగా ఉంటుంది. మీకు తెలిసినదాన్ని కాకుండా మీకు కనిపించేదాన్ని వేయడం అంటే ఇదే. ఒకే చెంబును నేల మీద పెట్టి ఒకసారి, బల్ల మీద పెట్టి ఒకసారి, కిటికీ గట్టు మీద పెట్టి ఒకసారి వేస్తే ఈ సంగతి మాటల కంటే బాగా అర్థమవుతుంది.

మూడో వారంలో ఒక కొత్త అలవాటు చేసుకోండి: వస్తువును వేయడం మాని, వస్తువుల మధ్య ఉన్న ఖాళీని వేయండి. కుర్చీ కాళ్ల మధ్య కనిపించే గోడ ముక్కలు, అరటి ఆకుల మధ్య కనిపించే ఆకాశం, చెంబుకూ దాని పిడికీ మధ్య ఉన్న చిన్న సందు. ఖాళీకి పేరు ఉండదు కనుక దాని ఆకారం ఇలా ఉండాలనే ముందు అభిప్రాయం మనకు ఉండదు, అందువల్ల కన్ను నిజం చెబుతుంది.

ఏడో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్యలో ఎక్కడో మీకు ఇదంతా వృథా అనిపిస్తుంది. నాకు తొమ్మిదో రోజున అనిపించింది. ఒక స్నేహితురాలికి పదకొండో రోజున అనిపించి ఆమె పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. ఆ రోజు మానవద్దు, అలాగని బాగా వేయాలనీ ప్రయత్నించవద్దు. 20 నిమిషాలు వలయాలు తిప్పి లేవండి. మండలం పూర్తయిన రోజున మొదటి రోజు కాగితాన్ని, నలభయ్యో రోజు కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి కాగితం మీద తేదీ వేయమన్నది ఇందుకే.

సొంతంగా పట్టి తయారు చేసుకోవడం

రంగుల్లోకి వెళ్లే ముందు నేను ప్రతివారికీ ఒక పని చెబుతాను, చాలామంది మొదట ఒప్పుకోరు, చేశాక మాత్రం అన్నిటికంటే ఇదే బాగుందంటారు. కొన్న కాగితం మీద కాకుండా, పాత బట్టకు బంక, సుద్ద పూసి మీరే తయారు చేసుకున్న పట్టి మీద మొదటి రంగు బొమ్మ వేయండి. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్‌లోనూ ఇతర చోట్లా చిత్రకారులు పటచిత్రాలకు వాడే పద్ధతి ఇది; మన వంటింట్లో, పెరట్లో సులువుగా చేసుకోవచ్చు. దీనివల్ల లాభం ఏమిటంటే, గీయడం గురించిన భయం లేకుండా చేతులు మూడు నాలుగు రోజులు పనిలో ఉంటాయి. వంటా కుట్టూ తెలిసిన చేతులకు ఇందులో కొత్త ఏమీ లేదు.

వాడి వాడి మెత్తబడిన నేత చీర గాని పంచె గాని తీసుకోండి. కొత్త బట్టలో గంజి ఉంటుంది, బిగుతుగానూ ఉంటుంది కనుక బంకను సరిగా పీల్చుకోదు. నేను మా అమ్మగారి పాత చీరల్లో ఒకటి తీశాను. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు ఉన్న ముక్కలు రెండు కత్తిరించి, ఉతికి ఆరబెట్టండి.

బంకకు చింతపిక్కలు కావాలి. ఎండాకాలంలో కొండల నుంచి చింతపండు సంతలకు దిగే ఈ ప్రాంతంలో పిక్కలకు కరువు లేదు. గుప్పెడు పిక్కలను దోరగా వేయించి దంచితే పై పొట్టు ఊడిపోతుంది; లోపలి తెల్లని పప్పును ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెడితే ఉబ్బి మెత్తబడుతుంది. దాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి, సన్నని మంట మీద గరిటెతో కలుపుతూ ఉడికించండి. గంజి కంటే చిక్కగా, వేళ్ల మధ్య తీగలా సాగేట్టు ఉన్నప్పుడు దించి బట్టలో వడగట్టండి. నేతపనివారు నూలుకు పట్టించే గంజిలోనూ, గొల్లవారి గొంగళ్లను బిరుసు చేయడంలోనూ, కొండపల్లి బొమ్మలకు చేతులు అతికించే మక్కులోనూ పనిచేసేది ఈ చింతపిక్కే. అవసరమైనంతే చేసుకోండి, నిలవ ఉంచితే రెండు మూడు రోజుల్లో వాసన వస్తుంది.

నున్నని బల్ల మీద ఒక బట్టను పరచి, బంక పూసి, రెండోదాన్ని దాని మీద ముడతలు లేకుండా అరచేత్తో నడిమి నుంచి అంచులకు నెడుతూ పరవండి. పైన ఇంకో పూత బంక పూసి నీడకు, ఆ తరువాత ఎండకు ఆరబెట్టండి. ఆరిన పట్టికి సుద్ద పూత వేయాలి: రంగుల కొట్టులో దొరికే మెత్తని సుద్దపొడిని జల్లించి, అదే బంకలో జారుగా ఉన్న దోసెపిండిలా కలిపి, ఒక గుడ్డతో గాని వెడల్పాటి కుంచెతో గాని రెండు వైపులా పలచగా పూయండి. ఒక పూత బాగా ఆరాక రెండో పూత వేయాలి. తొందరపడి మందంగా ఒకేసారి పూస్తే మడతపడిన చోటల్లా పగుళ్లు వస్తాయి. నా మొదటి పట్టి అలాగే పాడైంది.

చివరి పని నునుపు చేయడం. మొదట కొంచెం గరుకుగా ఉన్న రాయితో, ఆ తరువాత బాగా నున్నని రాయితో పట్టిని చదునైన నేల మీద పెట్టి రుద్దండి. మహేంద్రతనయ ఒడ్డున ఏరుకున్న గులకరాయి నా దగ్గర ఇప్పటికీ ఉంది. గంటసేపు రుద్దితే పట్టి మీద దంతం లాంటి మెరుపు వస్తుంది. చేతికి తగిలే ఆ నునుపు తెలిశాక దాని మీద గీత గీయాలనే కోరిక దానంతట అదే పుడుతుంది.

రంగులు

నల్లరంగు ఇంట్లోనే చేసుకోండి. ఆముదపు దీపం మీద మట్టి మూకుడు బోర్లించి కాటుక పట్టడం మన పెద్దవాళ్లు చేసిన పనే. పటచిత్రకారుల నలుపు కూడా దీపపు మసే. దాన్ని బంకతో కలపాలి. వాళ్లు వెలగచెట్టు బంక వాడతారు. అది దొరకని చోట తుమ్మబంకను రాత్రి నానబెట్టి వడగట్టి వాడవచ్చు. బంక తక్కువైతే ఆరిన రంగు వేలికి అంటుకుంటుంది, ఎక్కువైతే బీటలు వారుతుంది. పట్టి మూల మీద చిన్న మచ్చ పెట్టి, ఆరాక వేలితో రుద్ది చూసి, ఆ తరువాతే బొమ్మకు వాడండి. ఎరుపుకు జాజు, అంటే ఎర్రమట్టి ఉంది; అరుగుల అంచులకు పూసినదే, మెత్తగా నూరి, నీటిలో కలిపి, పైకి తేలిన సన్నని మట్టిని వేరు చేసి ఎండబెట్టి వాడాలి. పసుపుకు పసుపుపచ్చని మట్టిరంగు వాడండి, వంట పసుపు వద్దు; అది వేసిన రోజున ఎంత అందంగా ఉన్నా వెలుతురుకు వెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చేయాలి. పాత పద్ధతిలో ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు అరిదళం వాడేవారు. ఇంగిలీకంలో పాదరసం, అరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. వాటిని ఇంట్లో నూరడం, కుంచెను నోటితో తడిపి మొన చేయడం ప్రమాదకరం. సంప్రదాయం మీద గౌరవంతో కూడా ఈ రెండింటి జోలికి పోకండి. తెలుపు, నీలం, ఆకుపచ్చలకు కొట్టులో దొరికే పోస్టరు రంగులు చాలు.

కుంచెల్లో 2, 4, 8 నంబర్ల నైలాన్ కుంచెలు మూడు కొనుక్కోండి. ముంగిస వెంట్రుకల కుంచెలు ఎవరైనా చూపిస్తే తీసుకోవద్దు. ముంగిస రక్షిత జంతువు, దాని వెంట్రుకల వ్యాపారం చట్టవిరుద్ధం. వెడల్పాటి పూతలకు మాత్రం పటచిత్రకారుల దగ్గర ఒక చక్కని ఉపాయం ఉంది: మొగలిచెట్టు వేరును ముక్కగా కోసి, ఒక కొసను నలగగొడితే పీచు విడివడి కుంచె అవుతుంది. గంజాం తీరమంతా, ఛత్రపురం నుంచి చికిటి దాకా, మొగలి పొదలే కనుక మనకు అది అడిగితే దొరికే వస్తువు.

పది చేపలు

పట్టి సిద్ధమైంది, రంగులు సిద్ధమయ్యాయి. ఇప్పుడు పెద్ద బొమ్మ వేయాలనే ఉత్సాహం వస్తుంది. దాన్ని ఇంకొన్ని వారాలు ఆపండి.

మా పర్లాకిమిడి గంజపా ఆటకు వాడే గుండ్రని పేకలకు పేరుపొందిన ఊళ్లలో ఒకటి. ఆ పేకలనూ ఇలాంటి బట్ట, చింతబంక, సుద్దలతోనే చేస్తారు. దశావతార గంజపాలో అవతారానికి 12 పేకల చొప్పున 120 పేకలు; ప్రతి వరసలో రాజు, మంత్రి, ఆ తరువాత ఒకటి నుంచి పది వరకు గుర్తులు ఉన్న పేకలు. మత్స్యావతారం వరసకు గుర్తు చేప. మీరు చేయవలసింది ఇది: పట్టిని పళ్లెంలా గుండ్రంగా, అరచేతిలో ఇమిడేంత ముక్కలుగా పది కత్తిరించి, అన్నిటికీ ఒకే రంగు నేల వేసి, మొదటి దాని మీద ఒక చేప, రెండో దాని మీద రెండు, అలా పదో దాని మీద పది చేపలు వేయండి. మొత్తం 55 చేపలు అవుతాయి.

మొదటి చేప కోసం మీరు అరగంట తీసుకుంటారు, దాని కన్ను ఎక్కడ పెట్టాలో తోచదు. ఇరవయ్యో చేప దగ్గర చేయి తానే తోక తిప్పుతుంది. నలభై దాటాక ఒక సంగతి జరుగుతుంది: చేపను ఎలా వేయాలనే ఆలోచన పోయి, ఆ గుండ్రని చోటులో తొమ్మిది చేపలను ఎలా సర్దాలి, తలలు లోపలికా బయటికా, మధ్యలో ఖాళీ ఎంత ఉంచాలి అనే ఆలోచన మొదలవుతుంది. మొదట్లో చెప్పిన దూరం, మీ చేతికీ కంటికీ మధ్య ఉన్న దూరం, తగ్గడం నాకు మొదటిసారి తెలిసింది ఇక్కడే. పటచిత్రకారులు పిల్లలకు కూడా ముందు ఒకే ఆకును, ఒకే అంచును పదే పదే వేయించి చేయి తిప్పిస్తారు. పెద్ద బొమ్మకు వచ్చినప్పుడు కూడా వాళ్ల క్రమమే పాటించండి: ముందు చుట్టూ అంచు, తరువాత లేతరంగుతో బొమ్మ గీత, ఆ తరువాత మచ్చలుగా రంగులు, చిట్టచివర సన్నని కుంచెతో నల్లగీత. నల్లగీతను చివరికి ఉంచడం వల్ల రంగులు అంచులు దాటినా సరిదిద్దుకునే వీలుంటుంది.

ఇరుగుపొరుగు నుంచి నేర్చుకోవలసిన తీరు

మనం ఉన్నది నాలుగు కళల కూడలిలో. బెల్లగుంఠలో ఒళ్లు కదిలే ఇత్తడి చేపలు, పర్లాకిమిడిలో కొమ్ముతో చెక్కిన కొంగలు, కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో ఆల్ అనే చెట్టు వేరుతో ఎరుపు అద్దిన నేత, కొండల మీద సవర గోడచిత్రాలు. వీటిని సాయంత్రం నడకకు వెళ్లినట్టు వెళ్లి చూడండి, పనిచేసే మనిషి పక్కన కూర్చోనిస్తే కూర్చోండి. ఒడియా సరిగా రాదని వెనకాడవద్దు. మా వీధి చివర కొమ్ముపని చేసే పెద్దాయనను నేను మొదటిసారి "మావుసా, ఈ కొంగ మెడ ఎలా తిప్పారు?" అని అడిగితే, ఆయన నవ్వి, చక్కని తెలుగులో, "తిప్పలేదు బాబూ, కొమ్ము ఎటు తిరిగి ఉందో చూసి దానికి కొంగను వెతుక్కున్నాను" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు పది పాఠాల పెట్టు.

సవరల ఇడిటాల్ విషయంలో మాత్రం ఒక మర్యాద పాటించాలి. రాయగడ, గజపతి జిల్లాల లంజియా సవర ఇళ్లలో లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, నలగగొట్టిన పుల్లతో తెల్లని బియ్యప్పిండి గీతలుగా వేసే ఆ చిత్రం అలంకారం కాదు; దేవతలకు, పెద్దల ఆత్మలకు కట్టి ఇచ్చే ఇల్లు. గడపదాటి మన గోడమీదకు ఆ రూపాన్నే ఎత్తుకురావడం నాకు సమ్మతం కాదు. అందులో నేర్చుకోవలసింది చోటును నింపే తీరు: ఒక చతురస్రం లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు, గుర్రాలు పైనుంచి కింది వరకు ఎవరికీ ఎవరూ అడ్డం రాకుండా ఎలా నిలబడ్డాయో చూడండి. ఆ తరువాత మీ ఇంటి చతురస్రం గీసుకుని, అందులో మీ వాళ్లను, మీ మొక్కలను, నౌపడా నుంచి గుణుపురానికి నడిచిన చిన్నరైలును నింపండి. ఆ పొట్టి రైలు పొగను చూసినవారు మనలో ఇంకా ఉన్నారు, దాన్ని వేయవలసినదీ మనమే.

ఇంటివాళ్లు, దాచుకోవడం

"ఈ వయసులో ఇదెందుకు నాన్నా?" అని పిల్లలు అడిగితే వాదించకండి. మొదటి మండలం పూర్తయ్యేదాకా బొమ్మలు ఎవరికీ చూపించవద్దనే నేను చెబుతాను. బాగుందనే మాట కూడా ఆ దశలో చేటే చేస్తుంది, ఎందుకంటే రేపటి నుంచి మీరు ఆ మాట కోసం గీస్తారు. ఆ తరువాత మీ వయసువారు ఇద్దరు ముగ్గురు కలిసి ఆదివారం ఉదయం ఒకరి ఇంటి అరుగు మీద ఒకే వస్తువును ఎదురుగా పెట్టుకుని వేయండి. మనవలు పక్కన చేరితే చేరనివ్వండి గాని వాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టకండి, మీ 20 నిమిషాలు అందులో పోతాయి.

పట్టీలను మడవకూడదు, చుట్టకూడదు. వానాకాలంలో మన ఊళ్ల గాలికి చింతబంక బూజు పడుతుంది, పురుగుకు కూడా అది ఇష్టం. అందువల్ల ఎండిన వేపాకు వేసిన రేకుపెట్టెలో, రెండు అట్టల మధ్య పరచి ఉంచి, ఎండ కాసిన రోజున తీసి నీడగాలికి ఆరబెట్టండి. పెట్టెలో పెట్టే ముందు ప్రతి పట్టి వెనక పెన్సిలుతో తేదీ, ఊరి పేరు, మీ పేరు, ఆ పట్టికి వాడిన బట్ట ఎవరి చీర ముక్కో రాసి పెట్టండి.